తలుపు చుట్టూ మూడు సెంటీమీటర్లు

మైక్రోవేవ్ ఓవెన్ తుడవాలనుకోగానే చాలామంది చెయ్యి ముందు వెళ్లేది తలుపు అద్దం మీదికి. వచ్చేపోయేవాళ్ల కంట పడేది అదే కదా. తర్వాత లోపలి గాజు పళ్లెం తీసి కడుగుతారు. గోడల మీద చిందిన పప్పునూ సాంబారునూ ఓపికుంటే తుడుస్తారు, లేకపోతే ఆదివారానికి వాయిదా వేస్తారు. తలుపు మూసినప్పుడు ఓవెన్ ముఖానికి ఆనుకునే చుట్టంచు జోలికి మాత్రం ఎవరూ పోరు. తలుపు తెరిచి ఆ అంచును, ముఖ్యంగా కింది వైపు, ఒకసారి వేలితో తడిమి చూడండి. జిడ్డు తగులుతుంది. దాని మీద పట్టిన పిండి, ఎప్పుడో ఎండిపోయిన కూర చుక్క, తాలింపులోంచి ఎగిరిన జీలకర్ర కూడా తగులుతాయి.

భద్రత లెక్కన చూస్తే మన పని తలకిందులుగా ఉంది. అద్దం మీద నాలుగు మరకలుంటే లోపల అన్నం వేడెక్కుతోందో లేదో సరిగా కనిపించదు, అంతే. అంచు సంగతి వేరు. ఓవెన్ మొత్తంలో ఇంజినీర్లు అత్యంత లెక్కగా కొలిచి చేసిన భాగం అదే. ఆ లెక్క ఏమిటో తెలిస్తే ఎక్కడ తుడవాలో, దేంతో తుడవకూడదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఓవెన్‌లో పుట్టే తరంగాల పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 245 కోట్ల కంపనాలు. కాంతి వేగాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే ఒక్కో అల పొడవు సుమారు 12.2 సెంటీమీటర్లని తేలుతుంది. తలుపులోని కొలతలన్నీ ఈ ఒక్క అంకె నుంచే పుట్టాయి కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకుందాం.

ముందు అద్దం సంగతి. అద్దం వెనక నల్లటి చుక్కల్లా కనిపించేది చిల్లులు పొడిచిన లోహపు రేకు. ఒక్కో చిల్లు మిల్లీమీటరో మిల్లీమీటరున్నరో ఉంటుంది. గుండ్రటి చిల్లులోంచి తరంగం సాఫీగా అవతలికి సాగాలంటే దాని పొడవు ఆ చిల్లు వ్యాసానికి సుమారు 1.7 రెట్లకు మించకూడదు. మిల్లీమీటరున్నర చిల్లుకైతే అది రెండున్నర మిల్లీమీటర్లు. మన అల పొడవు 122 మిల్లీమీటర్లు. అది చిల్లు మొదట్లోనే క్షీణించి వెనక్కి మళ్లుతుంది. కంటికి కనిపించే వెలుతురు పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి దానికి అదే చిల్లు రాజమార్గం. లోపల తిరిగే గిన్నె మనకు కనిపిస్తూ, దాన్ని కాచే తరంగం మన దాకా రాకపోవడానికి కారణం ఇదే. లోహంలోకి ఈ తరంగం చొచ్చుకుపోగలిగేది కూడా మిల్లీమీటరులో వెయ్యో వంతు స్థాయిలోనే. అందుకే పలచటి రేకు సరిపోతుంది.

ఈ సూత్రానికి మన దేశంలో ఒక ముచ్చటైన పాత ఉదాహరణ ఉంది. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ 5 మిల్లీమీటర్ల స్థాయి తరంగాలతో ప్రయోగాలు చేశారు. ఆయన పరికరాల్లో ఒకటి బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకం! పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి దాన్ని తరంగాలకు అడ్డంగా నిలిపారు. రేకుకూ రేకుకూ మధ్య ఎడం తరంగం పొడవుకన్నా బాగా తక్కువ కావడంతో ఒక దిశలో కంపించే తరంగాలు అక్కడే ఆగిపోయేవి, దానికి అడ్డదిశలో కంపించేవి దాటిపోయేవి. ఓవెన్ తలుపు జాలీలో చిల్లు గుండ్రంగా ఉంటుంది కనుక ఏ దిశలో కంపించే తరంగానికీ దారి లేదు. రైళ్ల వేళలు చూసుకునే పుస్తకంతో ఆయన చూపిన సూత్రం మీదే మన వంటింట్లో రోజూ పాలు కాగుతున్నాయి.

జాలీ కథ ఇంతటితో సరి. చిక్కంతా అంచు దగ్గరే ఉంది. తలుపు ఎంత బాగా మూసినా, తలుపు లోహానికీ ఓవెన్ ముఖానికీ మధ్య సన్నటి సందు మిగులుతుంది. చిల్లుకు చెప్పిన లెక్క సందుకు పనికిరాదు. సందు వెడల్పు వెంట్రుకంత ఉన్నా సరే, పొడవు అర అలను, అంటే 6 సెంటీమీటర్లను దాటితే తరంగం దాంట్లోంచి బయటికి జారగలదు. తలుపు చుట్టూ ఉన్న సందు పొడవు మీటరు పైమాటే. తొలినాటి ఓవెన్లలో లోహానికి లోహం గట్టిగా తగిలేలా స్ప్రింగు పట్టీలు పెట్టి దీన్ని ఆపాలని చూశారు. ఒక్క మెతుకు అడ్డం పడితే చాలు, తగలాల్సినవి తగలవు. అక్కడ నిప్పురవ్వలు లేచేవి, పట్టీ మాడేది, తరంగం కారేది. రోజుకు పదిసార్లు తెరిచి మూసే వంటింటి తలుపుకు అలాంటి ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది?

దానికి దొరికిన పరిష్కారం చాలా తెలివైనది. ఒక తాడు కొసను గుంజకు కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని లయగా ఊపితే, కొన్నిచోట్ల తాడు ఎగిరెగిరి పడుతుంది, కొన్నిచోట్ల కదలకుండా నిలిచిపోతుంది. గుంజ దగ్గర కదలదు, కట్టేశాం కాబట్టి. గుంజ నుంచి పావు అల దూరంలో అన్నిటికన్నా ఎక్కువగా ఊగుతుంది. సరిగ్గా అర అల దూరంలో మళ్లీ కదలదు, అక్కడ ఎవరూ కట్టకపోయినా. ఓవెన్ తలుపు అంచులో చేసింది ఇదే. అంచు లోపల నాలుగు వైపులా ఒక గాడి తీశారు. గాడి అడుగు లోహం, అదే గుంజ. అడుగు నుంచి నోటి దాకా పావు అల, అంటే సుమారు 3 సెంటీమీటర్లు. గాడి నోటి నుంచి ఓవెన్ లోపలి అంచు దాకా సందులో మరో పావు అల. రెండూ కలిస్తే అర అల. దాంతో తరంగం ఓవెన్ అంచు దగ్గర సందులోకి అడుగు పెట్టే చోట, అక్కడ లోహం లేకపోయినా, తలుపూ ఓవెనూ అతుక్కుని ఉన్నట్టే దానికి అనిపిస్తుంది. వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఈ గాడిని ఇంజినీర్లు చోక్ అంటారు. చోటు కలిసిరావడానికి దాన్ని మడతలుగా వంచుతారు, దువ్వెన పళ్లలా కత్తిరించిన రేకుతో కూడా చేస్తారు. సూత్రం మాత్రం మారదు.

ఫ్రిజ్ తలుపుకు ఉండే రబ్బరు పట్టీ మామూలు మైక్రోవేవ్ తలుపుకు ఎందుకు కనిపించదో ఇప్పుడు తెలిసిపోయినట్టే. ఇక్కడ బిగుతు అవసరం లేదు, కొలత తప్పకపోతే చాలు. తలుపు లోపలి వైపు చుట్టూ కనిపించే నల్లటి లేదా బూడిదరంగు ప్లాస్టిక్ పట్టీ ఆ గాడికి మూత. తరంగానికి ప్లాస్టిక్ ఉన్నా లేనట్టే, కూరకు మాత్రం అడ్డం. ఆ పట్టీ పగిలినా, ఒక మూల ఊడి వేలాడుతున్నా చాలామంది అలంకారం పోయిందనుకుని ఊరుకుంటారు. ఊడిన చోటు నుంచి ఆవిరీ నూనే నేరుగా గాడిలోకి దిగుతాయి. ఆ పట్టీని వెంటనే మార్పించుకోవాలి.

మురికి చేసే చెరుపు మూడు రకాలు. మొదటిది తడి. నీళ్లలో మైక్రోవేవ్ పొడవు దాదాపు తొమ్మిదో వంతుకు కుంచించుకుపోతుంది. గాడిలోనో సందులోనో తడి ముద్ద చేరితే ఆ మేరకు మూడు సెంటీమీటర్ల లెక్క తప్పుతుంది. రెండోది ఎడం. అట్టకట్టిన జిడ్డు తలుపును పూర్తిగా మూసుకోనివ్వదు. చోక్ కొంత తేడాను ఓర్చుకునేలా చేసి ఉంటుంది గానీ, దాని ఓర్పుకూ హద్దుంది. మూడోది అన్నిటికన్నా చెడ్డది, మాడు. అంచున అంటిన నూనె, పిండి రోజూ కాస్త కాస్త వేడెక్కి చివరికి బొగ్గవుతాయి. బొగ్గు విద్యుత్తును మోస్తుంది, తరంగాన్ని పీల్చుకుని ఇంకా వేడెక్కుతుంది. అక్కడ చిటపటమని రవ్వ లేస్తే రంగు పొర పెచ్చు లేస్తుంది, కింద ఇనుము బయటపడి తుప్పు పడుతుంది, తుప్పు దగ్గర మళ్లీ రవ్వ. ఒకసారి మొదలైతే ఇది తనంతట తాను ఆగదు. ఒక పప్పు బద్ద అడ్డం పడగానే ఇల్లంతా రేడియేషన్ నిండిపోతుందని ఎవరైనా బెదిరిస్తే నమ్మక్కర్లేదు. కానీ ఆ బద్దను ఆరునెలలు అక్కడే మాడనిస్తే ఓవెన్ ఆయుష్షు తగ్గేది ఖాయం.

ఇక తుడిచే పద్ధతి. ఎండిపోయిన పప్పూ పిండీ గోకితే పోతాయి, కానీ గోకితే గీతలు పడతాయి. అందుకని ముందు నానబెట్టాలి, నానబెట్టడానికి ఓవెన్‌నే వాడుకోవచ్చు. వెడల్పాటి గాజు గిన్నెలో ఒక గ్లాసు నీళ్లు పోసి, నిమ్మకాయ పిండి, ఆ చెక్కలు కూడా వేసి, మూడు నాలుగు నిమిషాలు మరగనివ్వండి. ఆపేశాక తలుపు తెరవకుండా మరో ఐదు నిమిషాలు వదిలేయండి. అసలు పని జరిగేది ఆ ఐదు నిమిషాల్లోనే. ఒక్క గ్రాము ఆవిరి చల్లటి అద్దం మీద నీరుగా మారేటప్పుడు సుమారు 540 కేలరీల వేడిని అక్కడ వదులుతుంది. వేడి, తేమ కలిసి బిగుసుకున్న పిండినీ మాంసకృత్తులనూ మళ్లీ మెత్తబరుస్తాయి. ఆ తర్వాత తడిగుడ్డ చాలు.

నిమ్మకాయ వాసన కోసమే అనుకుంటారు గానీ దానికి ఇంకో పనుంది. చేప నీచు వాసనకు కారణమైన ట్రైమిథైలమీన్ ఒక క్షారం. ఆమ్లం తగిలితే అది లవణంగా మారి గాల్లోకి లేవదు. చేపల పులుసులో చింతపండు పులుపు చేసే పనుల్లో అదీ ఒకటి. రాత్రి పులుసు వేడి చేసిన ఓవెన్‌లో పొద్దున పాలు పెట్టాలంటే ఈ నిమ్మకాయ ఆవిరి తప్పదు. నిమ్మకాయ లేకపోతే వెనిగర్ రెండు చెంచాలు పోయండి.

ఒక జాగ్రత్త. నున్నటి గాజు గ్లాసులో ఉత్త నీళ్లు మాత్రమే పెట్టి ఎక్కువసేపు వేడి చేయకూడదు. బుడగ పుట్టడానికి గరుకు చోటు దొరక్క నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరిగినట్టు కనిపించవు. అలాంటి గ్లాసును కదిపినా, అందులో చెంచా వేసినా ఒక్కసారిగా పొంగి మొహాన చిమ్ముతాయి. గిన్నెలో ఒక చెక్క గరిటె వేసి ఉంచితే బుడగలకు ఆధారం దొరుకుతుంది. నిమ్మచెక్కలూ కొంతవరకు ఆ పని చేస్తాయి, అయినా గరిటె వేయడమే నయం.

గుడ్డ పట్టుకునే ముందు ప్లగ్గు తీసేయండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపి, మెత్తటి గుడ్డ ముంచి, బాగా పిండాలి. గుడ్డ తడిగా ఉండాలి గానీ కారకూడదు. ముందు తలుపు అంచు, తర్వాత అది ఆనుకునే ఓవెన్ ముఖం, తర్వాత గోడలు, చివరికి అద్దం. ఈ వరస మారిస్తే జిడ్డు తిరిగి అంచుకే చేరుతుంది. ప్లాస్టిక్ పట్టీకీ లోపలి అద్దానికీ మధ్య ఉండే సన్నటి గీతలో దూదిపుల్ల బాగా పనికొస్తుంది. కింది అంచు మీద రెండోసారి గుడ్డ తిప్పడం దండగేమీ కాదు, ఆవిరి చుక్కలు అద్దం మీద నుంచి జారి చేరేది అక్కడికే. చివరగా ఉత్త నీటి గుడ్డతో సబ్బు తీసేసి, పొడిగుడ్డతో తుడిచి, తలుపు పది నిమిషాలు ఓరగా తెరిచి ఉంచాలి.

సబ్బుకు లొంగని పసుపుపచ్చ బంక ఒకటి ఉంటుంది. నూనె పలచటి పొరగా పదేపదే వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి అలా తయారవుతుంది. మూకుడు అంచున నల్లగా పేరుకునేదీ అదే జాతి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా కరిగించి, ఆ నీళ్లలో ముంచిన గుడ్డను బంక మీద కాసేపు పరిచి ఉంచితే అది వదులవుతుంది. సోడాను పొడిగా చల్లి రుద్దితే మాత్రం ఆ పలుకులే గీతలు గీస్తాయి.

స్టీలు పీచు అసలు వద్దు. దాని ముక్క ఒక్కటి లోపల మిగిలినా తర్వాతిసారి ఓవెన్ ఆన్ చేయగానే అక్కడ నిప్పురవ్వ లేస్తుంది. పైగా తలుపు బయటి గాజు చాలా ఓవెన్లలో గట్టిబరిచిన గాజు, దాని బలమంతా పైపొర బిగింపులో ఉంటుంది. లోతైన గీత పడితే ఎప్పుడో ఒకప్పుడు మొత్తం చిన్న చిన్న ముక్కలుగా రాలిపోవచ్చు. థిన్నరు, పెట్రోలు, గోళ్లరంగు తీసే ద్రవం లోపలి ప్లాస్టిక్ పొరను మసకబార్చి పగుళ్లు తెస్తాయి. గ్లాస్ క్లీనరును బయటి గాజుకే పరిమితం చేయండి, అదీ గుడ్డ మీద చల్లుకుని. తలుపు మీద నేరుగా చల్లితే అది గాలి రంధ్రాల్లోకీ కొక్కేల కన్నాల్లోకీ పోతుంది. మామూలు ఓవెన్ల కోసం అమ్మే కాస్టిక్ క్లీనర్లు ఇక్కడికి పనికిరావు. బ్లీచింగ్ ద్రవాన్ని నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ ప్రయోగం ఎక్కడా చేయకండి. కన్వెక్షన్ ఉన్న ఓవెన్ అయితే కేకు తీసిన వేడి మీద చల్లటి గుడ్డ పెట్టవద్దు, గాజు పూర్తిగా చల్లారాకే తుడవండి. ఆ రకం వాటిలో కొన్నిటికి వేడి ఆపే పట్టీ కూడా ఉంటుంది, దాన్ని లాగకుండా అద్దినట్టు తుడవాలి.

తలుపు పక్కనే ఉన్నది కాబట్టి ఒక మాట. లోపల కుడి గోడకు అట్టముక్కలా ఒక పలక అతికించి ఉంటుంది. దాన్ని అట్ట అనుకుని పీకేసేవాళ్లున్నారు. గూడూరు గనుల పుణ్యమా అని తెలుగువాళ్లకు బాగా తెలిసిన అభ్రకంతో చేసిన పలక అది. తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ నుంచి అవి లోపలికి వచ్చే ద్వారానికి మూత. రుద్దితే పొరలుగా ఊడుతుంది. మెల్లగా అద్ది తుడవాలి, మాడితే కొత్తది కోయించి పెట్టించుకోవాలి.

బొద్దింకల గొడవ కూడా చెప్పాలి. వెచ్చదనానికీ తిండి నలుసులకూ చిన్న జాతి బొద్దింకలు గాలి రంధ్రాల్లోంచి దూరి, తలుపు రెండు అద్దాల మధ్యకు కూడా చేరతాయి. కనిపించగానే ఆ సందులోకి మందు కొట్టాలనిపిస్తుంది. కొట్టకండి, ఆ ద్రవాలు ప్లాస్టిక్‌నూ స్విచ్చులనూ పాడుచేస్తాయి, కొన్నిటికి మంట అంటుకునే గుణమూ ఉంది. ఓవెన్ చుట్టుపక్కల గోడ మూలల్లో జెల్ మందు పెట్టి, తలుపు అంచున వాటికి తిండి మిగలకుండా చూసుకోవడమే దారి.

తలుపులో జాలీ, చోక్ కాక మూడో కాపలా ఉంది, స్విచ్చులు. తలుపు పక్కన ఉండే ప్లాస్టిక్ కొక్కేలు కన్నాల్లోకి దిగినప్పుడు లోపల రెండు స్విచ్చులు మూసుకుంటాయి. రెంటిలో ఏది తెరుచుకున్నా మాగ్నెట్రాన్‌కు కరెంటు అందదు. వీటి మీద నిఘాకు మూడో స్విచ్ ఉంటుంది. కరెంటు ఆపాల్సిన స్విచ్ కాలి అతుక్కుపోయి, తలుపు తెరిచినా తెరుచుకోకపోతే, ఈ మూడోది కావాలనే షార్టు చేసి ఫ్యూజు ఎగరగొడుతుంది. ఓవెన్ చచ్చిపోతుంది గానీ తలుపు తెరిచి ఉండగా పనిచేయదు.

మన ఊళ్ల రిపేరు కథల్లో సగం ఇక్కడే ఉన్నాయి. తలుపు తెరిచినప్పుడో మూసినప్పుడో ఫ్యూజు పోతోందంటే తప్పు ఫ్యూజుది కాదని అర్థం. ఈ మూడు స్విచ్చులు ఒక వరసలో కదలాలి. తెరిచేటప్పుడు మొదటి రెండూ ముందు తెరుచుకోవాలి, నిఘా స్విచ్ తర్వాత మూసుకోవాలి. తలుపు బందులు వదులై తలుపు కొంచెం కిందికి జారితే ఆ వరస తప్పుతుంది, ఏ లోపమూ లేని స్విచ్చులే ఫ్యూజును తినేస్తాయి. అలాంటప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం, ‘స్విచ్ డైరెక్ట్ చేసేశానండీ, ఇక ప్రాబ్లం ఉండదు’ అంటూ వైరు కలిపేయడం నేరంలాంటి పని. ఆ మాట చెప్పిన మెకానిక్‌ను మళ్లీ ఇంటికి పిలవొద్దు. ప్రాబ్లం ఉండకపోవడం నిజమే, కాపలా కూడా ఉండదు.

తలుపు జారకుండా ఉండాలంటే చేయాల్సినవి చిన్నవే. తెరిచిన తలుపు మీద వేడి గిన్నె దించి పెట్టొద్దు. చిన్నపిల్లల్ని దాని మీద బరువు వేయనివ్వొద్దు. హ్యాండిలుకు చేతిగుడ్డ వేలాడదీయొద్దు, దాని కొస సందులో ఇరుక్కుంటుంది. విసురుగా వేయొద్దు. అంతర్జాతీయ ప్రమాణాల్లో తలుపు వ్యవస్థను లక్షసార్లు తెరిచి మూసి పరీక్షించాలని ఉంది. రోజుకు ముప్పైసార్లు తెరిచే ఇంట్లో అది తొమ్మిదేళ్ల వాడకం. ఆ లెక్క సున్నితంగా మూసే చేతికి.

వంట నడుస్తుండగా తలుపు తెరిస్తే ప్రమాదమా? కాదు, స్విచ్ తెరుచుకున్న క్షణంలోనే తరంగాలు ఆగిపోతాయి, లోపల నిల్వ ఉండవు. అయినా ముందు స్టాప్ బటన్ నొక్కి తెరవడం మంచి అలవాటు. కరెంటు పారుతుండగా తెరుచుకునే స్విచ్ మొనల మధ్య ప్రతిసారీ చిన్న మెరుపు పుట్టి అవి అరుగుతాయి. ఈ అలవాటు లేకపోవడం ఖగోళ శాస్త్రజ్ఞులను ఏళ్ల తరబడి తికమక పెట్టింది. ఆస్ట్రేలియాలోని పార్క్స్‌లో 64 మీటర్ల రేడియో టెలిస్కోపు 1998 నుంచీ అప్పుడప్పుడూ విచిత్రమైన సంకేతాలు పట్టుకునేది. సుదూర అంతరిక్షం నుంచి వచ్చే రేడియో మెరుపుల్లా కనిపించినా అవి భూమి మీదివేనని అనుమానం. పెరిటాన్లని పేరు కూడా పెట్టారు. 2015లో ఎమిలీ పెట్రోఫ్ బృందం దొంగను పట్టుకుంది. టెలిస్కోపు ఆవరణలోని మైక్రోవేవ్ ఓవెన్‌ను టైమరు అయిపోకముందే ఎవరో తలుపు లాగి తెరవడం, ఆగిపోతూ ఆగిపోతూ మాగ్నెట్రాన్ వదిలిన లిప్తపాటు తరంగం తెరిచిన తలుపులోంచి బయటపడటం, అదీ సంగతి. మనిషికి దానివల్ల హాని లేదు. అంత పెద్ద పరికరానికే అది వినిపించింది.

హాని అనగానే అంకెలు చూడాలి. ఓవెన్ హోటళ్ల నుంచి ఇళ్లలోకి విరివిగా రావడం మొదలైంది 1967లో, అమానా సంస్థ బల్ల మీద పట్టే రాడారేంజ్‌ను అమెరికాలో అమ్మకానికి పెట్టినప్పుడు. తలుపుల గురించిన ఆందోళన వెంటనే మొదలైంది. 1971 నుంచి అమలైన అక్కడి నిబంధన ప్రకారం, ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఎక్కడ కొలిచినా కారే శక్తి చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు, అదీ ఓవెన్ జీవితకాలమంతా. కొత్తగా అమ్మేటప్పుడైతే 1 మిల్లీవాటు. అయినా 1973లో అక్కడి వినియోగదారుల సంస్థ కన్స్యూమర్స్ యూనియన్ ఏ మైక్రోవేవ్ ఓవెన్‌నూ పూర్తిగా సురక్షితమని చెప్పలేమంది. ఆనాటి జాగ్రత్తను తప్పుపట్టలేం. ఈనాటి అంతర్జాతీయ ప్రమాణంలోనూ పరిమితి అదే 5. మిట్టమధ్యాహ్నపు ఎండలో చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 మిల్లీవాట్లు పడతాయి. తేడా ఏమిటంటే ఎండ చర్మం దగ్గరే తెలుస్తుంది, మైక్రోవేవ్ కొంచెం లోపలికి వెళ్లి అక్కడ వేడి పుట్టిస్తుంది. వేడిని మోసుకుపోయే రక్తప్రసారం తక్కువగా ఉండే కంటి కటకానికి ఎక్కువ మోతాదు తగిలితే ప్రమాదం. ఈ శక్తి దూరంతో వేగంగా పడిపోతుంది, 50 సెంటీమీటర్ల దగ్గర అది 5 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదాంట్లో సుమారు నూరో వంతే. తలుపుకు ముక్కు ఆనించి బిర్యానీ తిరగడం చూడాల్సిన పనిలేదు, అడుగు వెనక్కి నిలబడితే చాలు. ఎక్స్‌రేల్లా అణువులను చీల్చే శక్తి మైక్రోవేవ్‌కు లేదు, అది చేయగలిగిన చెరుపు వేడి వల్లే.

లోపల సెల్‌ఫోన్ పెట్టి, తలుపు మూసి, బయటి నుంచి రింగ్ ఇచ్చి, మోగితే ఓవెన్ కారుతున్నట్టేనని చెప్పే పరీక్ష ఒకటి జనంలో తిరుగుతోంది. అది పరీక్షే కాదు. వాటులో లక్ష కోట్లో వంతుకన్నా తక్కువ శక్తి అందినా ఫోను పట్టుకోగలదు. ఓవెన్ గోడలు సిగ్నల్‌ను పదివేల రెట్లు తగ్గించినా మిగిలింది దానికి చాలు. పైగా లోపల ఫోనుందని మరిచిపోయి ఎవరైనా ఆన్ చేస్తే ఫోనూ పోతుంది, బ్యాటరీ మంటలూ రావచ్చు. ఓవెన్ నడుస్తున్నప్పుడు వైఫై తడబడటమూ అలాంటిదే. రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పనిచేస్తాయి. రౌటరు వదిలేది వాటులో పదో వంతు, ఓవెన్ పుట్టించేది 700 నుంచి 1000 వాట్లు. దాంట్లోంచి అనుమతించిన హద్దుకు ఎంతో లోపల కాస్త కారినా వైఫైకి అది గోలే.

నిజంగా పట్టించుకోవాల్సిన గుర్తులు కంటికి కనిపించేవే. తలుపు వంకరగా మూసుకోవడం, చేత్తో పట్టుకుంటే అటూఇటూ ఊగడం, కొక్కెం విరగడం, అంచున రంగు లేచి తుప్పు పట్టడం, అద్దం పగలడం, జాలీ చినగడం, తలుపు అంచు దగ్గర రవ్వలు లేవడం, తలుపు తెరిచినా లోపల హోరు ఆగకపోవడం. వీటిలో ఏది కనిపించినా ప్లగ్గు తీసేసి వాడకం ఆపాలి. జిగురు, టేపు, స్క్రూడ్రైవరు వద్దు. బయటి డబ్బా విప్పడం అసలే వద్దు. లోపలి కెపాసిటర్ వేల వోల్టుల చార్జిని ప్లగ్గు తీశాక కూడా పట్టుకుని ఉండగలదు, ఇళ్లలో రిపేరుకు దిగిన వాళ్ల ప్రాణాలు తీసింది అదే.

తలుపు గానీ బందులు గానీ స్విచ్చులు గానీ మార్పించాక, లీకేజీ మీటరుతో కొలిచి చూపించమని అడగండి. దుకాణాల్లో చవగ్గా దొరికే మీటర్లకు సరైన ప్రమాణీకరణ ఉండదు, సర్వీసు సెంటర్ దగ్గర ఉండేది కావాలి. లోపల బీకరులో 275 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి ఓవెన్ నడుపుతూ, మీటరు మొనను 5 సెంటీమీటర్ల ఎడంలో తలుపు అంచు వెంబడి మెల్లగా తిప్పుతారు. బందుల వైపు, కొక్కేల వైపు, గాలి రంధ్రాల దగ్గర కూడా చూడాలి. తలుపును ఆగిపోనంత మేర బయటికి లాగిపట్టి ఇంకోసారి కొలవాలి, వదులు తలుపు బండారం అప్పుడే బయటపడుతుంది. కొత్త తలుపు ధర కొత్త ఓవెన్ ధరలో సగం దాటితే మాత్రం రిపేరు మీద డబ్బు పోయడం దండగ. పాతదాన్ని ఇచ్చేసేటప్పుడు, ప్లగ్గు తీసి ఉందని చూసుకుని, వైరు మొదలంటా కత్తిరించి ఇవ్వండి. తలుపు చెడిన ఓవెన్‌ను ఇంకెవరో బాగుందనుకుని పట్టుకెళ్లి వాడుకోకుండా ఉంటారు.